కోటకు అద్దె మోసిన రాజు

తేనెవాక అని ఒకానొక రాజ్యం ఉండేది లెండి. అదెక్కడుందని మాత్రం అడక్కండి. చిన్నప్పుడు మా తాతను నేనూ అలాగే అడిగితే, "కథ వింటావా, ప్రయాణం కడతావా?" అని కసిరాడు. వినేవాళ్ళు ఊరి పేరు మీద పడ్డారంటే ఇక కథ సాగదు.

ఆ తేనెవాకను రణరంగ భూపతి ఏలేవాడు. పేరు రణరంగమే గాని ఆయన చూసిన యుద్ధాలన్నీ కోడిపందేలే. మనిషి చెడ్డవాడు కాడు. మనసు వెన్న. కాకపోతే తనంత తెలివైనవాడు ఆ వంశంలో పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం. పక్కనున్నవాళ్ళు కాదనరు కదా, జీతాలు ఆయన దగ్గరేనాయె.

ఆ రాజ్యంలో రెండు పాత ఆచారాలు ఉండేవి. ఆ రెండూ చెవిన వేసుకుంటే ఈ కథ మీ చేతిలో ఉన్నట్టే.

ఒకటి, ఇల్లు అద్దెకిచ్చుకున్నవాళ్ళు ఏడాదికోసారి రాజుకు పన్ను కట్టాలి. వచ్చిన అద్దెలోంచి ముందు మరమ్మతు ఖర్చు తీసేస్తారు. మిగిలినదాంట్లో నాలుగోవంతు రాజుది. కప్పు కారినా, గోడ ఒరిగినా, తలుపు విరిగినా బాగుచేయించుకుంటే అది మరమ్మతు. కొత్తగా గది వేశారో, మేడ లేపారో, అది మెరుగు. మెరుగుకు పెట్టిన డబ్బు ఒక్క ఏట తీసేసుకోవడానికి వీల్లేదు, పదేళ్ళకు పంచి ఏటా ఒక ముక్క తీసుకోవాలి. సబబే కదా, మేడ పదేళ్ళూ అద్దె తెస్తుంది మరి.

రెండో ఆచారం ఇంకా ముచ్చటైనది. ఆ కోట రాజుది కాదు. కొండగట్టూ, గట్టు మీది కోటా గ్రామదేవత వాకమ్మ తల్లివి. రాజు ఆవిడ ఇంట్లో అద్దెకున్నవాడు. శ్రావణంలో జాతరనాడు కోట అద్దె కింద నలభై బుట్టల వడ్లు అమ్మవారికి చెల్లించాలి. బంట్ల చేత పంపితే ఒప్పుకోరు. రాజే చెప్పులు విడిచి, తన నెత్తిన మోసుకుని, గట్టు దిగొచ్చి గుడి ముందు పోయాలి. కోట మరమ్మతు ఖర్చు ఇందులోంచి తీసేసుకోవచ్చు, మెరుగైతే పదేళ్ళకు పంచుకోవాలి. ఊళ్ళో ఇళ్ళకున్న లెక్కే కోటకూను.

వెనకటి రాజులు ఏటా పాతిక, ముప్పై బుట్టలు మోసేవారట. మన రణరంగ భూపతి హయాంలో అది నాలుగైదు బుట్టలకు దిగింది. ఎప్పుడు చూసినా కోటకు మరమ్మతులే. ఆయనగారి మెడ మరీ సుకుమారం లెండి.

ఇలా ఉండగా ఒక వైశాఖంలో గాలివాన విరుచుకుపడింది. ఊళ్ళో ఇళ్ళ పెంకులు ఎండుటాకుల్లా లేచిపోయాయి. కోట పెంకులూ లేచిపోయాయి, గాలికి రాజూ పేదా తెలుస్తుందా. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టి చూడమని ఎవరూ అనలేదు. అన్నిటికన్నా కష్టం అదే. జనం అప్పో సప్పో చేసి కప్పులు వేయించుకున్నారు. అద్దెలన్నీ పెంకులకే పోయాయి. ఆ ఏడు రాజుకు రావలసిన పన్ను అడుగంటింది.

రణరంగ భూపతికి చిర్రెత్తుకొచ్చింది. తాంబూలం నములుతూ తీవ్రంగా ఆలోచించాడు. ఆలోచించి, సభ పిలిచి, ఒక కొత్త సూత్రం చెప్పాడు.

"పనికి ముందు ఇల్లెలా ఉంది? పని అయ్యాక ఎలా ఉంది? రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ముందుకన్నా బాగుంటే అది మరమ్మతు కాదు, మెరుగు. కారే కప్పు కారడం మానేస్తే ఇల్లు బాగుపడ్డట్టే కదా. కాబట్టి మెరుగే. ఖర్చు పదేళ్ళకు పంచుకోండి, ఈ ఏటి పన్ను మాత్రం ఇప్పుడే కట్టండి. జాతర మర్నాటికి కట్టనివాళ్ళ ఇళ్ళు జప్తు."

విన్నారా చోద్యం. ఈ లెక్కన మరమ్మతన్నదే లోకంలో లేదు. ఎవడైనా డబ్బు పోసి మరీ ఇల్లు పాడుచేసుకుంటే అదొక్కటే మరమ్మతు కావాలి.

"నా సూత్రంలో తప్పు పట్టినవాడికి ఈ కంకణం ఇస్తాను" అని రాజు చెయ్యెత్తి చూపించాడు. "పట్టబోయి ఓడినవాడు మాత్రం నా తమ్మపడిగ మోయాలి." తమ్మపడిగ అంటే రాజుగారు తాంబూలం నమిలి ఉమ్మే గిన్నె.

సభలో సోమయాజులుగారని పెద్ద పండితుడు ఉన్నాడు. ఆయన లేచి, "ప్రభూ, పోయింది తిరిగి పెట్టుకోవడం మెరుగెలా అవుతుంది?" అని మొదలుపెట్టి, నాలుగు శాస్త్రాలు వల్లించాడు.

రాజు ఆవలిస్తూ విన్నాడు. "అదంతా సరే గాని, మీ ఇంటి కప్పు వేయించాక బాగుపడిందా లేదా, అది చెప్పండి."

"బాగుపడింది ప్రభూ."

"ఇంకేం మరి" అన్నాడు రాజు. ఆనాటి నుంచి సోమయాజులుగారు గిన్నె పట్టుకుని సింహాసనం పక్కన నిలబడేవారు. ఇక నోరు విప్పిన మొనగాడు లేడు.

ఆ రాజుగారి కొలువులోనే కూచన అని ఒక చమత్కారి ఉండేవాడు. అతనికి సొంతిల్లు లేదు. గాజుల నాంచారమ్మ అనే ఆవిడ ఇంట్లో ముందు భాగం అద్దెకు తీసుకుని ఉండేవాడు. నాంచారమ్మ గంపలో గాజులు పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ ఇల్లూ, దాని మీద వచ్చే అద్దే.

సూత్రం దండోరా వేయించిన సాయంత్రం కూచన ఇంటికొచ్చేసరికి నాంచారమ్మ గడపలో కూచుని ఉంది. గంప దించి పక్కన పెట్టింది గాని గాజులు సర్దలేదు.

"ఏమైందత్తా?" అన్నాడు కూచన.

"ఏమవుతుంది నాయనా. పన్నువాళ్ళొచ్చి వెళ్ళారు. కప్పు వేయించడం మెరుగట. అద్దె డబ్బంతా పెంకులకే పోసేశాను, ఇప్పుడు నా దగ్గర చిల్లిగవ్వ లేదంటే వినరే. జాతర మర్నాడు తాళం వేస్తామన్నారు." అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా ఆయన వాసం వాసం తన చేత్తో ఎత్తాడు ఈ ఇంటికి. ఈ వయసులో నన్ను వీధిలో నిలబెడతారా, చెప్పు?"

కూచనకు గుర్తొచ్చింది. గాలివాన మర్నాడు, "అత్తా, కప్పు కారుతోంది, నా తలపాగా తడిసి ముద్దయింది, ముందు నా వైపు వేయించు" అని ఆవిడను ఊదరగొట్టింది తనే. తన నెత్తిన పడే చుక్కను ఆపినందుకు ఆవిడ నెత్తిన కప్పు పోతోంది. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు సభలో కూచన లేచి నిలబడ్డాడు. సోమయాజులుగారు ఆశగా గిన్నె అతని వైపు జరిపారు.

"తప్పు పడతావా కూచనా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"శివశివా. ఈ సూత్రంలో తప్పు పట్టేంత వాణ్ణా ప్రభూ? మెచ్చుకుందామని లేచాను. ఒక్కటే చింత. ఇంత గొప్ప మాట వట్టి దండోరాతో పోతోంది. రేపు మీ తర్వాత వచ్చే రాజు ఎవరో దీన్ని కొట్టేస్తాడు. అదే జాతరనాడు వాకమ్మ తల్లి ముందు, జనమంతా వింటుండగా, తమరు ప్రమాణం చేసి చెప్పారనుకోండి, ఇక దాన్ని కదిపే మగాడు పుట్టడు. పెద్దింటికీ చిన్నింటికీ ఒకటే మాట అని కూడా చెప్తే, రాజంటే ఇలా ఉండాలి అని తరతరాలు చెప్పుకుంటారు."

పొగడ్త ఎవరికి చేదు? రాజు ఉబ్బి తబ్బిబ్బయి అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

ఈ కబురు ఊళ్ళో గుప్పుమంది. నాంచారమ్మ చెవినా పడింది. కూచన ఇంటికి రాగానే ఎదురెళ్ళి కడిగేసింది.

"తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాను గాని, ఉన్న ఇంటి పెంకులు ఊడబెరికేవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా. మార్చుకునే వీలున్న మాటను అమ్మవారి ముందు బిగించి పెట్టించావే. నీకు నేనేం అన్యాయం చేశాను?"

"ఏమీ చెయ్యలేదత్తా. జాతరకు మాత్రం తప్పకుండా రా. ముందు వరుసలో నిలబడు."

"వస్తాను. వచ్చి నీ సంగతి కూడా ఆ తల్లికే చెప్పుకుంటాను" అని విసురుగా లోపలికెళ్ళిపోయింది.

జాతర రానే వచ్చింది. డప్పులు, వేపమండలు, పసుపు నీళ్ళు, ఊరు ఊరంతా వాకమ్మ గుడి ముందే. ఆ గుడికి పూజారి కుమ్మరి సారయ్య. రణరంగ భూపతి చెప్పులు విడిచి, నెత్తిన బుట్ట పెట్టుకుని గట్టు దిగొచ్చాడు. ఒకే ఒక్క బుట్ట. అదీ బుజ్జి బుట్ట. గుడి ముందు వడ్లు పోసి, పసుపు నీళ్ళలో చెయ్యి ముంచి, గొంతెత్తి చెప్పాడు.

"అమ్మా, నువ్వే సాక్షి. పనికి ముందుకన్నా పని అయ్యాక ఇల్లు బాగుంటే అది మెరుగే, మరమ్మతు కాదు. పెద్దింటికీ చిన్నింటికీ ఇదే మాట. ఈ మాట తప్పితే నీ కళ్ళెదుట నిలబడను."

ముందు వరుసలో నాంచారమ్మ కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. ఇక ఇల్లు పోయినట్టే అనుకుంది పాపం.

అప్పుడు కూచన ముందుకొచ్చి, పోసిన వడ్లు చూసి, చుట్టూ వెతికాడు. "ప్రభూ, మిగతా ముప్పై తొమ్మిది బుట్టలు వెనకాల వస్తున్నాయా?"

"ఎక్కడివయ్యా? అవన్నీ మరమ్మతు కింద పోయాయి."

"ఏ మరమ్మతు ప్రభూ?"

"భలేవాడివే. గాలివానకు కోట పెంకులు లేచిపోలేదూ? కొత్తవి వేయించాం."

"వేయించాక కారుతోందా?"

"చుక్క కారితే ఒట్టు" అన్నాడు రాజు దర్పంగా.

"అంటే పనికి ముందుకన్నా బాగుందన్నమాట" అన్నాడు కూచన.

వెనకెక్కడో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి జనమంతా గుసగుసలు మొదలయ్యాయి.

"కోట సంగతి వేరు" అన్నాడు రాజు తేరుకుని.

"పెద్దింటికీ చిన్నింటికీ ఒకటే మాట అని ఇప్పుడేగా సెలవిచ్చారు. తమరి చేతి పసుపు ఇంకా ఆరలేదు."

"కోట పెంకులు వేరయ్యా."

కూచన పూజారి వైపు తిరిగాడు. "సారయ్యా, కోటకు పెంకులు కాల్చిందెవరు? నాంచారమ్మత్త ఇంటికి కాల్చిందెవరు?"

"రెండూ నేనే బాబూ. ఒకే ఆవంలో కాల్చాను. బండి వచ్చినప్పుడు చేతికందినవి ఎక్కించాను. ఏది కోటకు పోయిందో ఏది ఆవిడకు పోయిందో ఆ తల్లికే తెలియాలి." సారయ్య గొంతు సవరించుకుని, "అది సరే గాని ప్రభూ, అమ్మవారికి రావలసిన వడ్లు ఇవాళే దింపుతారా?" అన్నాడు.

రణరంగ భూపతి తల తిప్పి గట్టు వైపు చూశాడు. ఎంత ఎత్తుందో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. మెల్లిగా కూచనను పక్కకు పిలిచాడు.

"నా మెడ సంగతి నీకు తెలుసు కదటయ్యా."

"తెలుసు ప్రభూ."

"ప్రమాణం చేసేశాను. ఇప్పుడేది దారి?"

"దారికేం ప్రభూ. తమరి సూత్రంలో ఒకే ఒక్క చోట కప్పు కారుతోంది. పనికి ముందు రోజుతో పోల్చమన్నారు తమరు. పోల్చవలసింది గాలివాన ముందు రోజుతో. ఆనాడు నాంచారమ్మత్త ఇల్లు కారేది కాదు. ఇప్పుడూ కారడం లేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది, ఇందులో ఆవిడకు కలిసొచ్చిన మెరుగేమిటి? పోయింది తిరిగొస్తే మరమ్మతు. ఎన్నడూ లేనిది కొత్తగా వస్తే మెరుగు."

రాజు ఆ మాటను నోట్లో తాంబూలంలా అటూ ఇటూ తిప్పుకున్నాడు. ఎక్కడా వక్కపలుకు తగల్లేదు. "ఇంత తేలిక మాట ఆనాడు సభలోనే చెప్పొచ్చుగా? నన్ను ఇంతమందిలో నిలబెట్టడం దేనికి?"

"సోమయాజులుగారు చెప్పారు ప్రభూ. అప్పుడు తమరి నెత్తిన బుట్ట లేదు."

రణరంగ భూపతి ఒక్క క్షణం గుడ్లురిమాడు. మరుక్షణం పగలబడి నవ్వాడు. కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోయే మనిషి. నవ్వుతూనే గుడి ముందుకెళ్ళి చెంపలు వేసుకున్నాడు. "అమ్మా, తొందరపడి అన్నాను. నా మాట సరిచేసుకుంటున్నాను. పాత ఆచారమే ఆచారం. ఊళ్ళో కప్పులన్నీ మరమ్మతే. ఏ ఇంటికీ తాళం పడదు."

జనం చేసిన గోలకు డప్పులు వినపడలేదు. సోమయాజులుగారు గిన్నె కింద పెట్టి చేతులు కడుక్కున్నారు. నాంచారమ్మ అక్కడే కూలబడి, కూచన చెయ్యి పట్టుకుని, "నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను నాయనా" అని ఏడ్చింది. సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపది.

అంతటితో అయిపోతే కథ సగమే. నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని లేచి రాజు ముందుకెళ్ళింది.

"బాబూ, నాదొక మాట ఉంది. కప్పు మరమ్మతే. కానీ పెంకులు మిగిలితే పెరటి వైపు ఒక వసారా దింపించాను. అది ఎన్నడూ లేనిది. దాని ఖర్చు ఈ ఏట తీసేయకండి, పదేళ్ళకు పంచి వేయించండి. అమ్మవారి ముందు దాచుకోకూడదు కదా."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆవిడ వైపు చూశాడు. గుడి వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గాజులమ్ముకునే మనిషి, ఎవరూ అడక్కుండా, తన ఇంట్లో మూల వసారా సంగతి చెప్పేసింది. ఆయనకు మహా సిగ్గేసింది.

"కూచనా" అన్నాడు నీళ్ళు నములుతూ. "నాకూ అలాంటిదొకటి ఉంది."

"వసారాయా ప్రభూ?"

"కాదు. ఊయల మండపం. కోట వెనకాల, చలవరాతి స్తంభాలతో. పెంకుల పని జరుగుతున్నప్పుడే కట్టించాను. ఆ ఖర్చు కూడా మరమ్మతులోనే కలిపేయించాను. నిజం చెప్పాలంటే పెంకులకు పోయింది పది బుట్టల వడ్ల విలువే."

"గాలివాన ముందు అక్కడేముండేది ప్రభూ?"

"ఏముంటుంది? గాలి."

కూచన నవ్వు ఆపుకోలేక తలపాగాలో మొహం దాచుకున్నాడు. రాజు ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. మండపం ఖర్చులో పదోవంతు మాత్రం తీసేసుకుని, మిగతా వడ్లు మోస్తానని అమ్మవారికి చెప్పాడు. ఎన్ని బుట్టలని నన్నడక్కండి, నేను లెక్కల్లో మొద్దును. ఇరవై పైచిలుకు ఉంటాయి. తన తలపాగా తనే విప్పి, చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకున్నాడు. ఈసారి బుజ్జి బుట్ట కాదు, ఆచారంగా వస్తున్న పెద్ద బుట్టే తెప్పించాడు.

నిండు బుట్ట ఎవరి నెత్తికి వాళ్ళు ఎత్తుకోలేరు కదా. బంట్లు ముట్టకూడదు. ఎవరెత్తుతారని అందరూ చూస్తుంటే నాంచారమ్మ రాజుతో పాటే గట్టెక్కింది. గంపలెత్తడం ఆవిడకు కొత్తా? కోటలో వడ్ల కొట్టు ముందు బుట్ట నింపి, ఒక్క ఊపున రాజు నెత్తికెత్తింది.

"మెడ నిటారుగా పెట్టు నాయనా. కింద చూడకు, ఎదురుగా చూడు. రెండు బుట్టలయ్యాక అలవాటైపోతుంది."

రెండు కాదు, ఆరు బుట్టలకు గాని అలవాటు కాలేదు. ఎక్కుతూ మూలిగాడు, దిగుతూ నవ్వాడు. గట్టు పొడుగునా జనం నిలబడి ఒక్కో బుట్టకు ఒక్కో కేక వేశారు. పొద్దు వాలేసరికి గుడి ముందు వడ్లు నడుమెత్తు పోశాడు. ఆఖరి బుట్ట దించి, చెమట తుడుచుకుని, చేతి కంకణం ఊడదీసి కూచన చేతిలో పెట్టాడు.

"తప్పు పట్టావు. ఇది నీది. ఈ వంశంలో నాకన్నా తెలివైనవాడు పుట్టలేదంటే నమ్మాను గాని, బయట పుడతాడని ఎవరూ చెప్పలేదయ్యా" అని మళ్ళీ నవ్వాడు.

కూచన కంకణం కళ్ళకద్దుకుని తిరిగేసరికి నాంచారమ్మ ఎదురుగా చెయ్యి చాపి నిలబడి ఉంది.

"అబ్బాయ్, మూడు నెలల అద్దె."

"అత్తా, నీ ఇల్లు నిలబెట్టాను కదే."

"నిలబెట్టావు. నా తల్లి కడుపున పుట్టినవాడు కూడా అంత చెయ్యడు. రోజూ నీ పేరు చెప్పి దీపం పెడతాను. అద్దె మాత్రం ఇటు పెట్టు."

ఇచ్చాడా అంటారా? ఇవ్వక ఏం చేస్తాడు. రాజే నెత్తిన పెట్టుకుని అద్దె మోసిన ఊళ్ళో, ఎగ్గొట్టడానికి ఇంకెవరికి మొహం చెల్లుతుంది?